గట్టు దగ్గర దిగనివాడు

మునేటి ఇసుకలోంచి బండి గట్టు ఎక్కాలంటే అందరూ దిగాల్సిందే. మా తాతయ్య నియమం అది. ఆయన ఒక్కడిదే కాదు, నందిగామ చుట్టుపక్కల ఎడ్లున్న ప్రతి ఇంటి నియమమూ అదే. మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు గూడుబండి కట్టుకుని వెళ్ళేవాళ్ళం. బండిలో వరిగడ్డి, గడ్డి మీద బొంత, వెనక వంటగిన్నెలు, బియ్యం మూట, ఎడ్లకు ఉలవలు, తవుడు. రెండు రోజులు మాకు అదే ఇల్లు. ఏరు దాటి గట్టు మొదట్లోకి రాగానే తాతయ్య పగ్గాలు లాగి ఆపేవాడు. నోటితో ఏమీ చెప్పేవాడు కాదు. ముందు మా నాయనమ్మ దిగేది. మోకాళ్ళు పట్టేసి ఉన్నా, చంకలో చంటిపిల్ల ఉన్నా దిగేది. ఆ తర్వాత మేము. తాతయ్య వెనకాలకు వెళ్ళి చక్రానికి భుజం ఆనించేవాడు. గట్టు పైకి చేరాక ఎడ్ల డొక్కలు ఎగిరిపడటం తగ్గేదాకా ఎవరూ బండెక్కకూడదు. ఆ కాసేపూ నాయనమ్మ చెట్టు కింద కూర్చుని చెంబులో నీళ్ళు తాగేది, ఎడ్లకు తాగించాకనే.

ఈ సంగతి నాకు ఏడేళ్ళ వయసులోనే తెలుసు. యాభై ఎనిమిదో ఏట, 2022 మే నెలలో, కేదారనాథ్ దారిలో మర్చిపోయాను. మర్చిపోయానంటే అదీ అబద్ధమే. పక్కనున్న మనిషి గుర్తుచేసినా వినలేదు. ఈ తప్పు ఇంట్లో ఒకరిద్దరికి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కరోనా రెండేళ్ళూ ఇంట్లో కూర్చుని మా బావగారూ నేనూ ఫోనులో విదేశాల మోటారు ఇళ్ళు చూసేవాళ్ళం. మంచాలు, పొయ్యి, నీళ్ళ కుళాయి అన్నీ బండిలోనే పెట్టుకుని కొండలకూ సముద్రాలకూ తిరిగేవాళ్ళను చూస్తుంటే మాకూ ఆశ పుట్టింది. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నాం. విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్ళాం. లారీకి బాడీ కట్టాలన్నా, బస్సుకు రేకు మార్చాలన్నా మా ప్రాంతం వాళ్ళకు అదే దిక్కు. సీట్లు పీకించి ఒకదాని మీద ఒకటిగా బల్లలు వేయించాం. ప్లైవుడ్‌తో అలమర, స్టీలు తొట్టి, పైకప్పు మీద వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు, ఇన్వర్టరు. బండి స్వరూపం అలా మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందుగా అనుమతి కావాలి. మేము తీసుకోలేదు. ఇంట్లో వాడే గ్యాస్ సిలిండరును తలుపు పక్కనే తాడుతో కట్టి తీసుకెళ్ళాం. మరుసటి ఏడాది ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారన్న వార్త చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఆరుగురి ప్రాణాలను అలాంటి సిలిండరు పక్కన పెట్టుకుని పదహారు రోజులు తిరిగాం.

నందిగామ కృష్ణా జిల్లాలోంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలో చేరి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. బండి వెనకద్దం మీద మాత్రం ‘నందిగామ, కృష్ణా జిల్లా’ అనే రాయించాను. నేనూ మా ఆవిడా, అక్కా బావగారూ, డ్రైవరు, మా బాబాయి. బాబాయి అంటే నాన్నగారి ఆఖరి తమ్ముడు. అప్పటికి డెబ్బై రెండేళ్ళు. ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చిన ఎన్నో ఏళ్ళకు, అందరికంటే ఆఖరున ఎడ్లను అమ్ముకున్న మనిషి. అమ్మిన రోజు అన్నం తినలేదని పిన్ని చెప్పేది.

కృత్తిక కార్తె ఎండల్లో బయలుదేరాం. హైదరాబాదు దాటి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. ఆదిలాబాదు, నాగపూరు, సివనీ, సాగర్, ఝాన్సీ, గ్వాలియరు, ఆగ్రా. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగానే కాశీకి వెళ్ళారు. మళ్ళీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. డేరాలు, పల్లకీలు, బోయీలు, వంటసామాను. ఆయన కూడా ఒక ఇంటిని వెంట నడిపించుకుంటూ వెళ్ళినవాడే. కానీ ఆయన మజిలీ మజిలీకీ ఆగి, ఆ ఊళ్ళో ఏమి దొరుకుతాయి, దారి ఎలా ఉంది, మనుషులు ఎలాంటివాళ్ళు అని రాసుకున్నాడు. మేము ఆగలేదు. ఆగాల్సిన పనే లేకుండా ఇల్లంతా బండిలో సర్దుకున్నాం మరి. బియ్యం మనవే, ఆవకాయ మనదే, నీళ్ళు మనవే. పెంచ్ అడవి కిటికీలోంచి వెళ్ళిపోయింది. మొరేనా దాటాక చంబల్ లోయలు కిటికీలోంచే వెళ్ళిపోయాయి. ఐదు రోజుల్లో నేను బయటి మనిషితో మాట్లాడింది డీజిలు బంకుల్లోనే. దాన్నే సుఖమనుకున్నాను. ‘మనం ఇల్లు కదలకుండా కాశ్మీరు దాకా అయినా పోవచ్చు బావా’ అని గొప్పగా చెప్పాను కూడా.

నా తప్పు గౌరీకుండ్‌లో మొదలు కాలేదు, ఆ బండిలోనే మొదలైంది. మోటారు బండి గట్టు దగ్గర మనల్ని దిగమనదు. ఘాటు వస్తే గేరు మారిస్తే ఎక్కుతుంది, వేడెక్కితే ఆపి నీళ్ళు పోస్తే సరిపోతుంది. రెండువేల కిలోమీటర్లు అలా మోయించుకుంటూ వెళ్ళినవాడి కంటికి, ఆ తర్వాత ఎదురైన ప్రాణమున్న జంతువు ఇంకో గేరులాగే కనిపించింది.

ఋషీకేశ్ నుంచి కొండదారి. దేవప్రయాగ దగ్గర అలకనంద, భాగీరథి కలిసి గంగ అనిపించుకునే చోటు చూశాం. రుద్రప్రయాగ దగ్గర అలకనందను విడిచి మందాకిని వెంట పైకి వెళ్ళాం. సోన్‌ప్రయాగ దాకానే బయటి బండ్లు. అక్కడి నుంచి గౌరీకుండ్‌కు ఐదు కిలోమీటర్లు స్థానికుల జీపుల్లో వెళ్ళాలి. గౌరీకుండ్ ఎత్తు 1,982 మీటర్లు, కేదారనాథ్ 3,583. పదహారు కిలోమీటర్లలో పదహారు వందల మీటర్లు ఎక్కాలి. 2013 జూన్ వరదల్లో రాంబాడా అనే మజిలీ ఊరు మొత్తం కొట్టుకుపోయింది. పాత దారి పోయి, అక్కడి నుంచి నదికి అవతలి ఒడ్డున కొత్త దారి వేశారు. పాతదానికంటే నిటారు.

హెలికాప్టరు టికెట్లు మూడే దొరికాయి. అక్కనూ బావగారినీ మా ఆవిడనూ ఫాటా నుంచి దాంట్లో పంపాం. నడుద్దామంటే నాకు ఓపిక లేదు, తొంభై నాలుగు కిలోల మనిషిని. ఓపిక సంగతి పక్కన పెడితే, గుర్రం ఎక్కాలన్న కోరిక కూడా ఉంది. చిన్నప్పుడు నందిగామ టూరింగు టాకీసులో కత్తి పట్టి గుర్రమెక్కిన కథానాయకులను చూసిన కోరిక అది. మంచు కొండల మధ్య గుర్రం మీద వెళుతూ ఫొటో దిగాలి, దాన్ని బండి వెనక అతికించుకోవాలి అనుకున్నాను. నిజానికి అక్కడ యాత్రికులను మోసేవాటిలో చాలావరకు కంచరగాడిదలు. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టినవి. వాటికి పిల్లలు పుట్టవు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా మోతే.

తెల్లవారుజామున మూడు గంటలకు గౌరీకుండ్ బజారులో నిలబడ్డాం. గుడి తలుపులు తెరిచింది మే 6న. రెండేళ్ళు ఆగిన జనమంతా ఒక్కసారి వచ్చినట్టుంది. గుర్రాలకు చీటీ ఇచ్చే కౌంటరు దగ్గర వరస కొండమలుపు దాటింది. అంతసేపు నిలబడలేక బజారులోకి వెళ్ళి ఒక కుర్రవాడితో బేరమాడాను. పదహారు పదిహేడేళ్ళు ఉంటాయేమో. రెండువేల ఐదొందలు అడిగితే రెండువేలకు ఒప్పించాను. బేరం తెగిందని సంతోషపడ్డాను కూడా. అంత తక్కువకు ఎందుకు ఒప్పుకున్నాడో ఆలోచించలేదు. అది అర్ధరాత్రి పైనుంచి ఇంకొకరిని దించి వచ్చిన జంతువని బాబాయి కనిపెట్టేదాకా నాకు తెలియదు.

బాబాయికి హిందీ రాదు. నేరుగా జంతువు దగ్గరకు వెళ్ళాడు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టి కాసేపు వాసన చూడనిచ్చాడు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. మెడ తోలు రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలాడు. తోలు చప్పున వెనక్కి పోలేదు, మడత అలాగే నిలబడి మెల్లగా సర్దుకుంది. తర్వాత జీను కింద గోనెపట్టాలోకి చెయ్యి దూర్చాడు. చెయ్యి బయటికి తీసి టార్చి వెలుతురులో నాకు చూపించాడు. వేళ్ళకు తడి. చెమట కాదు.

‘వీపు చితికిపోయిందిరా పెద్దోడా. నీళ్ళు కూడా తాగలేదు ఇది. నువ్వు ఎక్కమాక,’ అన్నాడు.

‘వాళ్ళకు తెలియదా బాబాయ్? రోజూ చేసే పనేగా.’

‘వాళ్ళకు తెలుసు. అందుకే చీకట్లో కట్టారు.’

నేను అప్పటికే డబ్బులిచ్చేశాను. చుట్టూ గంటల మోత, ‘సైడ్, సైడ్’ అని కేకలు. ‘నీకు ఇంకోదాన్ని చూస్తా రా,’ అన్నాను. తను నడుస్తానన్నాడు. నడవగలిగినంత నడుస్తాను, లేకపోతే వెనక్కి వస్తాను, అంతవరకే నాకు రాసిపెట్టి ఉందనుకుంటాను అన్నాడు. పంచె కొంగులోంచి అచ్చుబెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. ‘దారిలో ఆపినప్పుడు దానికి పెట్టు. నిటారు వచ్చినచోట దిగు,’ అన్నాడు. బెల్లం కోటు జేబులో వేసుకుని రికాబులో కాలు పెట్టాను.

ఎక్కగానే దాని నడుము ఒక్కసారి కిందికి దిగటం నా తొడలకు తెలిసింది. తెలిసిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు కళ్ళెం పట్టుకుని, తల ఎత్తి, మంచు కొండ కనపడుతుందేమో అని చూశాను.

మొదటి నాలుగు కిలోమీటర్లూ, జంగిల్ చట్టీ దాకా, చీకటి. బండపరుపు మీద నాడాలు జారుతున్న చప్పుడు. దారంతా పేడా మూత్రమూ కలిసి జారుడు. పక్కన నడిచేవాళ్ళు గోడకు అతుక్కుని మాకు దారి ఇస్తున్నారు. భీంబలీ దగ్గర తెల్లవారింది. అక్కడ మా కుర్రవాడు టీ తాగాడు, నేనూ తాగాను. జంతువు తల కిందికి వేలాడేసి నిలబడింది. నీళ్ళ తొట్టి దగ్గర ఇరవై జంతువులు ఉన్నాయి. వరసలో నిలబడితే అరగంట. ‘పైన తాగిస్తాను బాబూజీ,’ అన్నాడు. నేను చేతిగడియారం చూసి సరేనన్నాను. ఆ ‘సరే’ అన్నది నేనే. కుర్రవాడు నా మొహం చూసి అడిగాడు. నేను కాదంటే ఆగేవాడు.

రాంబాడా వంతెన దాటాక దారి ఒక్కసారిగా లేచింది. మలుపు మీద మలుపు. అక్కడ జంతువు రెండుసార్లు ఆగి, మెడ తిప్పి తన డొక్క వైపు చూసుకుంది. వెనక కాలితో పొట్టను తన్నుకుంది. ముందు కాలితో నేలను గీరింది. మొండికేస్తోందనుకున్నాను. కుర్రవాడు కర్రతో కొట్టాడు. నేను కూడా మడమలతో పొడిచాను. దిగాల్సిన గట్టు అదే. మునేటి గట్టుకంటే వందరెట్లు పెద్ద గట్టు. బాబాయి చెప్పిన మాట అక్కడ గుర్తొచ్చింది. గుర్తురాలేదని చెప్పుకుంటే నా తప్పు తేలికవుతుంది, కానీ గుర్తొచ్చింది. కింద బురద, కొత్త బూట్లు, ఆయాసం. ఈ మలుపు ఒక్కటీ ఎక్కాక దిగుదాం అనుకున్నాను. ఆ మలుపు తర్వాత ఇంకో మలుపు వచ్చింది.

లించోలీ కింద అది ముందు కాళ్ళ మీద కూలబడింది. నేను కొండ వైపుకు పడ్డాను. లోయ వైపు పడి ఉంటే ఈ కథ చెప్పటానికి ఉండేవాణ్ణి కాదు. మోచేయి గీసుకుంది, అంతే. లేచి చూస్తే జంతువు పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. డొక్క ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. కుర్రవాడు కళ్ళెం లాగాడు, తోక పట్టి ఎత్తాడు, కర్రతో కొట్టాడు. తర్వాత కర్ర పారేసి దాని మెడ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వెనకాల జంతువుల వరస ఆగిపోయింది, కేకలు. నలుగురు వచ్చి దాన్ని దారి పక్కకు ఈడ్చారు. దారి మళ్ళీ నడిచింది.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. కిందపడటం వరకూ నాది బుద్ధితక్కువతనం. ఆ తర్వాత చేసినదానికి నా దగ్గర పేరు లేదు. ఏడుస్తున్న ఆ కుర్రవాడి భుజం తట్టి, సగం దారే తీసుకొచ్చావు కాబట్టి సగం డబ్బు వెనక్కి ఇవ్వు అన్నాను. వాడికి మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. చొక్కా లోపలి జేబులోంచి నోట్లు తీసి, అందులో వందలూ యాభైలూ ఏరి వెయ్యి రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. తీసుకున్నాను. పైనుంచి ఖాళీగా దిగుతున్న ఇంకో కంచరగాడిదను ఆపి, ఆ వెయ్యికే బేరం కుదుర్చుకుని మిగతా దారి దాని మీద ఎక్కాను. దానికి అది ఆ రోజు ఎన్నో దఫానో నేను అడగలేదు. దాని వీపు చూడలేదు.

కేదారనాథుడి దర్శనం బాగా జరిగింది. మా ఆవిడా అక్కా బావగారూ నాకోసం మండపం దగ్గర ఎదురుచూస్తున్నారు. గుడి వెనక భీమశిలను చూశాం. 2013 వరదలో కొండ మీంచి కొట్టుకొచ్చి గుడి వెనక నిలిచి, ప్రవాహాన్ని రెండుగా చీల్చిన బండ అది. దాని ముందు ఫొటో దిగాను. ఆ ఫొటోలో నవ్వుతున్నాను.

మర్నాడు దిగేటప్పుడు మాత్రం ఎక్కబుద్ధి కాలేదు, నడిచాను. లించోలీ దాటి ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే ఆగాయి. జంతువు లేదు. ఒక గోనెపట్టా మాత్రం రాతి మీద పడి ఉంది. ఎదురుగా టీ కొట్టు. ఆ కొట్టాయనను అడిగితే తెలిసేది. అది లేచి వెళ్ళిందా, పోయిందా, పోతే ఎక్కడ వేశారు. అడగకుండా టీ తాగి వచ్చేశాను. తెలియకపోతే బతికే ఉందనుకోవచ్చు కదా అన్న ఆశ.

బాబాయి జంగిల్ చట్టీ దాకా నడిచి, రొమ్ములో ఆయాసం వచ్చి వెనక్కి తిరిగాడట. గౌరీకుండ్ సత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దర్శనం అయిందా అని అడగలేదు. ‘ఎట్లా ఉందిరా అది?’ అన్నాడు. ‘బాగానే ఉంది బాబాయ్,’ అన్నాను. ఇంకేమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో ఐదు రోజులు మాతో మామూలుగానే మాట్లాడాడు. దేవప్రయాగలో స్నానం చేశాడు. వంటలో సాయం పట్టాడు. ఎందుకో బండిలో పైబల్ల మీద పడుకోవటం మానేసి ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక వార్తలు చదివాను. ఆ యాత్రాకాలం మొదటి రెండు నెలల్లోపే కేదారనాథ్ దారిలో వందకు పైగా గుర్రాలు, కంచరగాడిదలు చనిపోయాయని పత్రికల్లో వచ్చింది. ఎక్కువవాటికి కడుపుశూల. విశ్రాంతి లేక, నీళ్ళు లేక, ఎండుమేత పేగుల్లో గడ్డకట్టి. కొన్నింటి కళేబరాలను మందాకినిలోకి తోసేశారని కూడా రాశారు. నందిగామలో పశువుల డాక్టరు ఒకాయన పరిచయస్తుడు. ఆయనకు నా జంతువు సంగతి వేరెవరిదో అన్నట్టు చెప్పాను. డొక్క వైపు తిరిగి చూసుకోవటం, పొట్టను తన్నుకోవటం, నేలను గీరటం శూలకు మొదటి గుర్తులన్నాడు. ఎద్దు నెమరు వేస్తుంది, గుర్రం జాతి వేయదు. వాంతి చేసుకోవటం కూడా దానికి చేతకాదు. లోపల బిగుసుకుంటే బయటికి పోయే దారి లేదు. ఆ మొదటి గుర్తు దగ్గరే బరువు దించి, గోరువెచ్చని నీళ్ళు పట్టి, మెల్లగా నడిపించి, మందు వేయించి ఉంటే బతకటానికి ఎక్కువ అవకాశం ఉండేదని చెప్పాడు. రాంబాడా నుంచి లించోలీ దాకా గంటకు పైగా నేను ఆ గుర్తుల మీదే కూర్చుని ఉన్నాను.

చట్టం కూడా చూశాను. బరువు లాగే, మోసే జంతువుల గురించి 1965లో కేంద్రం చేసిన నియమాలు ఉన్నాయి. పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి వేయకూడదు, కంచరగాడిద మీద 200 కిలోల దాకా వేయవచ్చు. రోజుకు తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. బండి లాగే ఎడ్ల విషయంలో ఇంకో మాట ఉంది. బాగా నిటారైన ఎక్కుడు కిలోమీటరు పొడవునా ఉంటే, మామూలుగా వేసే బరువును సగానికి తగ్గించాలి. మా తాతయ్య ఆ నియమాలు చదవలేదు. నాయనమ్మనూ మమ్మల్నీ దింపేవాడు, అంతే. బరువు లెక్కన చూస్తే ఆ చట్టం నన్ను తప్పుపట్టదు. నా తొంభై నాలుగు కిలోలు 200 లోపే. ఆ లెక్క చూసుకుని ఒకటి రెండు రోజులు మనసుకు నచ్చజెప్పుకున్నాను కూడా. కానీ వీపు పచ్చిపుండై, రాత్రంతా నడిచి, నీళ్ళు లేని జంతువుకు తొంభై నాలుగు కిలోలు ఎంత బరువో బాబాయి వేళ్ళు నాకు ముందే చూపించాయి.

రోహిణి కార్తె వెళ్ళాక ఒక సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. డబ్బు వెనక్కి తీసుకున్నది కూడా. చాలాసేపు మాట్లాడలేదు. పశువుల కొట్టం ఇప్పుడు ఖాళీ, గడ్డి కోసే యంత్రం ఒక్కటే ఉంది. దానివైపు చూస్తూ, ‘నాకు అక్కడే తెలుసురా. గౌరీకుండ్‌లో నువ్వు కోటు విప్పి ఇచ్చినప్పుడు జేబులో బెల్లం ముక్క అట్లాగే ఉంది,’ అన్నాడు.

బండిని ఆ దసరాకు అమ్మేశాం. ఆ ఫొటోను బండి వెనక అతికించలేదు. వెయ్యి రూపాయలు తిరిగి ఇవ్వటానికి ఆ కుర్రవాడి పేరు కూడా నాకు తెలియదు. పదహారు కిలోమీటర్ల దారిలో సగం కలిసి వెళ్ళి, పేరు అడగలేదు. ఆ డబ్బుకు ఇంకో వెయ్యి కలిపి ఎక్కడో దానం చేసి చేతులు కడుక్కోవాలని ఒకసారి అనిపించింది, చేయలేదు. అది వాడి డబ్బు.

తర్వాత అక్కడ కొంత మారింది. చీకటి పడ్డాక జంతువులను నడపకూడదని, రోజుకు ఒక్క దఫాయే అని, వేడినీళ్ళ తొట్లు, పశువైద్యులు ఉండాలని నియమాలు పెట్టారు. సోన్‌ప్రయాగ నుంచి కేదారనాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్రం ఆమోదం తెలిపింది. అది పూర్తయ్యేదాకా మా నందిగామ, జగ్గయ్యపేటల నుంచి ఏటా వేసవిలో బస్సులు కట్టుకుని వెళ్ళేవాళ్ళు ఈ దారినే ఎక్కాలి. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. చీకట్లో బేరం కుదుర్చుకోవద్దు. కౌంటరు వరస ఎంత పొడవున్నా నిలబడండి. ఎక్కేముందు జీను విప్పించి వీపు చూడండి, మెడ తోలు పట్టి చూడండి. రైతుబిడ్డలకు ఇవి ఎవరూ నేర్పక్కర్లేదు. నీళ్ళ దగ్గర అరగంట ఆగమని మీరే చెప్పండి, తోలేవాడు మీ మొహం చూస్తాడు. రాంబాడా వంతెన దాటాక దిగి నడవండి. నడవలేకపోతే వెనక్కి తిరిగి రండి.

అన్నిటికంటే సులువైన దారి ఇంకొకటి ఉంది, అది మాకు అప్పుడు తెలియదు. భగినీహస్త భోజనం నాడు కేదారనాథ్ గుడి మూసేశాక స్వామి ఉత్సవమూర్తిని పల్లకిలో ఊఖీమఠ్‌కు తీసుకొస్తారు. మళ్ళీ వేసవిలో గుడి తెరిచేదాకా, ఆరు నెలలు, పూజలన్నీ అక్కడి ఓంకారేశ్వరాలయంలోనే. 2024 డిసెంబరులో బాబాయిని రైల్లో హరిద్వారం, అక్కడి నుంచి బస్సులో ఊఖీమఠ్ తీసుకెళ్ళాను. దర్శనం చేసుకుని గుడి మెట్ల మీద కూర్చున్నాడు. కొంగులో తెచ్చుకున్న బెల్లాన్ని అక్కడ తిరుగుతున్న ఒక ఆవుకు పెట్టాడు. ఆ ఊరికి రోడ్డు ఉంది. గుర్రం ఎక్కాల్సిన పని లేదు.